నాగరత్నమ్మ ముక్కు

నాగరత్నమ్మ ముక్కు సంగతి చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు. పూతలపట్టు రోడ్డులో ఉండే ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సీజన్లు కాయలు కదిలిపోయే బెల్టు పక్కన నిలబడి తోతాపురి కాయలు ఏరిన మనిషి ఆమె. కాయ పైకి పసుపు పచ్చగా, నున్నగా, పెళ్ళికూతురి బుగ్గలాగా ఉంటుంది. లోపల టెంక చుట్టూ మాత్రం పులిసి ఉంటుంది. అట్లాంటిది ఒక్కటి పోయి కలిసిందంటే గుజ్జంతా పారబోయాల్సిందే. కోసి చూసే తీరిక బెల్టు ఇవ్వదు గదా. ఎత్తాలి, ముక్కు దగ్గర పెట్టాలి, మంచిదైతే వదలాలి, చెడ్డదైతే వెనక్కి విసరాలి.

మునిరత్నం అని ఒక కొత్త సూపర్‌వైజరు వచ్చినప్పుడు ఇదంతా నమ్మలేదు. ఆమె కళ్ళకు తువ్వాలు కట్టి పది కాయలు ఒకటొకటిగా ముక్కు కింద పెట్టాడు. నాలుగు చెడ్డవి అంది. కోస్తే నాలుగే. ఐదోది ఇప్పటికి బాగుంది గానీ ఎల్లుండికి చెడుతుంది అని కూడా అంది. దాన్ని కిటికీలో పెట్టి ఎల్లుండి కోసి చూసి అందరూ నోళ్ళు తెరిచారు. ఆ రోజు నుంచి మునిరత్నం ఆమెతో నాలుగు బారల దూరంలో నిలబడి మాట్లాడేవాడు. సాయంత్రాలు కాస్త పుచ్చుకునే అలవాటు ఉండేది పాపం ఆ అబ్బికి.

అట్లాంటి ముక్కున్న మనిషికి తాగుబోతు కొడుకు పుట్టాడు. ఇంకెవరికైనా పుట్టి ఉంటే కళ్ళతో చూసి ఏడ్చేవాళ్ళు. నాగరత్నమ్మకు కళ్ళతో పని లేకుండా పోయింది. మునిప్రసాద్ వీధి మలుపు తిరగకముందే ఆమెకు తెలిసిపోయేది. ఈ పూట ఎంత తాగాడో, మధ్యలో ఏం తిన్నాడో, యాడ పడి లేచి వచ్చాడో, అన్నీ గాలే మోసుకొచ్చి చెప్పేది.

మంచి పనివాడు మునిప్రసాద్. బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. సన్నటి రాగి తీగను చుట్టు మీద చుట్టు వేస్తుంటే పక్కన నిలబడి చూడబుద్ధయ్యేది. కాలిపోయిన మోటారు పట్టుకొని గంగాధరనెల్లూరు నుంచి కూడా రైతులు వచ్చేవాళ్ళు. పన్నెండేళ్ళ కింద, పనైపోయాక నలుగురితో కూర్చున్నప్పుడు తాగుడు మొదలైంది. తర్వాత పని మధ్యలోకి వచ్చింది. ఈ నాలుగేళ్ళుగా పొద్దున్నే పళ్ళు తోమకముందే ఇంత పడితే తప్ప చేతులు నిలవని దశకు వచ్చింది. ఆ చేతులతో ఇంక తీగ ఏం చుడతాడు?

నాగరత్నమ్మకు కొడుకంటే అసహ్యం పుట్టింది. ఉన్నమాట చెప్పుకోవాలి. దుఃఖం అని చెప్తే వినేవాళ్ళకు బాగుంటుంది గానీ, అది దుఃఖం కాదు. వాడి కంచం వేరుగా పెట్టింది. వాడి దిండు గలీబు కట్టెతో ఎత్తి బకెట్లో వేసేది. వాడు వసారాలో కక్కుకున్నప్పుడు బూడిద పోసి, చీపురుతో ఎత్తి, నూతి దగ్గర అరచేతులు ఎర్రబడేదాకా రుద్దుకునేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే గుర్తొచ్చి పక్కన పెట్టేసేది. ఆరేళ్ళుగా ఆమె కొడుకును ముట్టుకోలేదు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి కూడా పోలేదు. కడుపులో మోసిన బిడ్డ ఎదురుగా వస్తుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే తల్లి ఎంత పాపిష్ఠిదో అని ఒక్కోసారి అనిపించేది. మళ్ళీ వాడు లోపలికి రాగానే చెయ్యి దానంతట అదే కొంగు మీదికి పోయేది.

ఆ వీధికి ఆశా కార్యకర్త చంద్రకాంతమ్మ. బీపీ మాత్రలివ్వడానికి నెలనెలా వస్తుంది. ఒకసారి గడప దగ్గర గొంతు తగ్గించి అంది.

"అక్కా, మునిప్రసాదుకు తిరుపతి పెద్దాసుపత్రిలో వార్డుండాది. తాగుడు మానిపించేదానికే. చీటీ రాసిస్తా, తీసకపో."

"మావాడికేం జబ్బే? కాళ్ళు ఇరిగినాయా, కండ్లు పోయినాయా? ఒళ్ళు కొవ్వు. కొవ్వుకు ఆసుపత్రి యాడుండాది?"

"జబ్బే అక్కా అది గూడా."

"నువ్వు మాత్రలిచ్చేదానికి వచ్చినావు. ఇచ్చినావు. ఇంక పో."

తలుపు మూసింది. మూశాక కిటికీలోంచి చూసింది కూడా, ఆదిలక్ష్మమ్మ వినిందేమోనని. ఆదిలక్ష్మమ్మ ఎదురింటావిడ. వీధిలో ఆమె చెవి తప్పించుకున్న మాట ఇంతవరకు లేదు.

ఆసుపత్రి మాట వద్దనుకున్నాక మిగిలిన దారులన్నీ నాగరత్నమ్మ మరిది దొరస్వామి చూపించినవే. పోయిన పెనిమిటికి తమ్ముడు. ఇస్త్రీ చొక్కా, నోట్లో ఎప్పుడూ యాలక్కాయ, నలుగురిలో పెద్దమనిషి. కూతురికి సంబంధం కుదరబోతోంది. అన్న కొడుకు వీధిలో దొర్లుతుంటే వియ్యంకుల ముందు తలెత్తుకోలేకపోతున్నానని ఆయన బాధ.

మొదట పొడి తెచ్చాడు. పూతలపట్టు కూడలిలో ఎవరో అమ్ముతాడట. తాగేవాడికి తెలియకుండా చారులో కలిపితే తాగుడు మీద రోత పుడుతుందట. కోడలు సుజన పాలకేంద్రానికి పోయిన పూట నాగరత్నమ్మ చారు కాచి, పొడి కలిపింది. అలవాటు ఊరుకుంటుందా? ఉప్పు సరిపోయిందో లేదోనని అరచేతిలో వేసుకొని నాకింది. ఆ తర్వాత రెండు రోజులు తల్లీ కొడుకూ ఒకరి తర్వాత ఒకరు నూతి గట్టుకు పరిగెత్తారు. చిత్రమేమిటంటే, చుక్క మందు తాగని నాగరత్నమ్మకు చారు మీద రోత పుట్టి ఇప్పటికీ పోలేదు. మునిప్రసాద్ మాత్రం కడుపునొప్పి మరిచిపోవడానికని ఇంకో సీసా ఎక్కువ తాగాడు. ఇద్దరి గుడ్డలూ ఉతికింది సుజనే. "ఏం కలిపినావత్తా?" అని అడిగింది. నాగరత్నమ్మ ముఖం గోడ వైపు తిప్పుకొని పడుకుంది.

తర్వాత దొరస్వామి ఆమెను, తాగుబోతుల చేత మానిపిస్తానని చెప్పుకునే హరినాథ్ ఇంటికి తీసుకుపోయాడు. ఇల్లంటే ఇల్లు కాదు. తిరుపతి అవతల, రోడ్డుకు కనపడని మామిడి తోటలో పెద్ద రేకుల షెడ్డు. గేటుకు తాళం. హరినాథ్ తెల్లచొక్కా వేసుకొని, సెంటు పూసుకొని, నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మూడు నెలలు మాకు వదిలెయ్యండమ్మా. ఫోను ఉండదు. చూసేదానికి రాకూడదు. కొత్త మనిషిని చేసి పంపిస్తాం."

"ఈడ డాక్టరెవురు నాయనా?"

"నేనే పదేండ్లు తాగి మానినోన్ని. నాకంటే పెద్ద డాక్టరెవరుంటారు చెప్పండి?"

అంత సెంటు పూసుకున్నా దాని వెనక నుంచి షెడ్డు వాసన వచ్చింది. ఉచ్చ, తడిసిన కంబళ్ళు, పులిసిన పప్పు, కడగని మనుషులు. కిటికీ ఊచల్లోంచి చూసింది. గుండ్లు కొట్టించిన మగవాళ్ళు ఇరవైమంది, ఎండిన పేలికల్లాగా గోడకు వరసగా కూర్చొని ఉన్నారు. మూలన ఒకే ఒక బకెట్. దాని చుట్టూ ఈగలు. కూర్చున్నవాళ్ళలో ఒకతను ఆమెను చూసి చెయ్యెత్తాడు. మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకుపోయిన పుండు.

"అమ్మా, మాది కార్వేటినగరం. మా ఇంటికి సెప్పమ్మా" అన్నాడు.

హరినాథ్ మనిషి బెత్తంతో ఊచల మీద ఒక్కటి కొట్టాడు. ఎత్తిన చెయ్యి కిందికి దిగిపోయింది. అంతే.

నాగరత్నమ్మ గేటు బయటికి వచ్చి మామిడి చెట్టు మొదట్లో కక్కుకుంది.

"మరిదీ, పశువులను గూడా ఇట్ల కట్టెయ్యం గదప్పా."

"వదినా, నువ్వు మెత్తని మనిషివి. ఈండ్లకు ఇదే మందు" అన్నాడు దొరస్వామి, చేతిరుమాలు అందిస్తూ. రుమాలుకు కూడా యాలకుల వాసన.

అక్కడికి పంపనని ఆమె తేల్చి చెప్పింది. అయితే కాణిపాకంలో ప్రమాణం చేయిద్దామన్నాడు ఆయన. అది మంచి మాట అనిపించింది ఆమెకు. చిత్తూరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. కోర్టులో అబద్ధం చెప్పినవాడు కూడా కాణిపాకం వినాయకుడి ఎదుట చెప్పడానికి జంకుతాడు. తడిబట్టలతో నిలబడి ఒట్టు పెట్టుకొని తప్పితే స్వామి ఊరుకోడు.

ఆగస్టులో ఒక సోమవారం పోయారు. మునిప్రసాద్ స్నానం చేసి, వణికే చేతులు జోడించి, "ఈ పొద్దుటి నుంచి సుక్క ముట్టను సామీ" అన్నాడు. ఏడ్చాడు కూడా. సుజన కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు దొరస్వామి వదిన వైపు తిరిగాడు.

"నువ్వు గూడా ఇప్పుడే మాటియ్యి వదినా. వాడు ఒట్టు తప్పితే హరినాథ్ బండొస్తాది. నువ్వు అడ్డం రాకూడదు. సామి ఇంటా ఉండాడు."

ఆమె విగ్రహం వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. ఆ షెడ్డు కళ్ళ ముందు మెదిలింది. అయినా ఇంత గట్టి ఒట్టు వాడు తప్పడులే అనుకొని, "సరే. తప్పితే తీసకపోండి" అంది.

మంగళవారం మునిప్రసాద్‌కు చెమటలు పోశాయి. ముద్ద మింగలేకపోయాడు. బుధవారం నీళ్ళ చెంబు పట్టుకుంటే సగం ఒంటి మీదే ఒలికింది. "రెండు దినాలు అట్లనే ఉంటాదిలే" అన్నాడు దొరస్వామి. గురువారం పొద్దున్నే వీధి వీధంతా వినపడేలా పెద్ద కేక. నాగరత్నమ్మ పెరట్లోంచి వచ్చేసరికి వాడు గదిలో గోడకు ఆనుకొని కింద కూర్చొని, రెండు చేతులతో ఒంటి మీది నుంచి ఏదో దులుపుకుంటున్నాడు. లుంగీ తడిసిపోయింది. కళ్ళు యాడో ఉన్నాయి.

"పురుగులమ్మా! మామిడి పురుగులు. గోడంతా పాకతా ఉండాయి. తీసెయ్యమ్మా!"

గోడ మీద ఏమీ లేదు.

వసారాలో అప్పటికే నలుగురు చేరారు. ఆదిలక్ష్మమ్మ బుగ్గన వేలు పెట్టుకొని, "మూడో నాటికే పట్టుకొన్నాడు సూడు ఇనాయకుడు! ఒట్టు తప్పినోన్ని ఇడస్తాడా?" అంది. దొరస్వామి పొద్దున్నే వచ్చి ఉన్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకొని మాట్లాడేసి, జేబులో వేసుకున్నాడు.

"బండి పూతలపట్టు దాటిందంట వదినా. అరగంటలో ఈడుంటాది."

సుజన గుమ్మం పట్టుకొని నిలబడి ఉంది. "అత్తా," అంది చిన్నగా, "వాసనొస్తా ఉండాది."

నిజమే. వసారాలో అడుగుపెట్టగానే నాగరత్నమ్మకు కూడా తగిలింది. పులిసిన వాసన, సందేహమే లేదు. నడినెత్తి మీద నిప్పు పోసినట్టయింది ఆమెకు. దేవుడి ముందు తడిబట్టలతో! మూడు రోజులైనా కాకుండా! ఇంక వీడు మనిషేనా? ఆ తడిసిన లుంగీ, ఆ చొంగ కారే నోరు! ముక్కుకు కొంగు, చేతిలో చీపురు. అట్లనే గదిలోకి పోయింది.

"ఒరే! సామికి గూడా అబద్ధం సెప్పినావా?"

"తాగలేదమ్మా. నీ మీదొట్టు."

పన్నెండేళ్ళుగా ఇదే మాట. ఒకే గొంతు, ఒకే ఒట్టు. చీపురు పైకెత్తింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. ముఖం ఎత్తి, తల్లి ఎవరో కూడా సరిగ్గా తెలియనట్టు చూస్తూ, "నా వాసన సూడమ్మా. నీకు తెలస్తాది గదా," అన్నాడు.

చీపురు గాల్లోనే ఆగిపోయింది.

వాసన చూడాలంటే దగ్గరికి పోవాలి. ఆరేళ్ళుగా పోనంత దగ్గరికి. కొంగు తీసెయ్యాలి. లోపలి నుంచి ఏదో వద్దు వద్దని వెనక్కి లాగింది. బెల్టు మీద ఎన్ని లక్షల కాయలు ఎత్తింది, ఒక్కదానికి ఇంత భయపడలేదు. చెడ్డదైతే? చెడ్డదైతే తన చేత్తోనే ఆ షెడ్డుకు పంపాలి. మంచిదైతే, అనే మాట అప్పటిదాకా ఆమెకు తట్టనేలేదు.

మోకాళ్ళు పట్టేస్తున్నా వంగి, తడి నేల మీదే కూర్చొని, కొంగు వదిలేసింది. కొడుకు గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుంది. చల్లగా, జిగటగా ఉంది. నోటి దగ్గర ముక్కు పెట్టింది.

ఎండిపోయిన నాలుక. ఖాళీ కడుపు. జ్వరపు కాక. ఉచ్చ, చెమట. రోత పుట్టించేవే అన్నీ. కానీ పులుపు లేదు. మళ్ళీ చూసింది. జుట్టు, మెడ, చొక్కా కాలరు, అరచేతులు. కాయను తిప్పితిప్పి చూసినట్టు చూసింది. ఎక్కడా లేదు. వాడు మూడు రోజులుగా చుక్క ముట్టలేదు.

"తాగలేదు," అంది గోడతో చెప్పినట్టు. "నా బిడ్డ తాగలేదు."

అయితే ఆ వాసన ఎక్కడిది?

లేచి వసారాలోకి వచ్చింది. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంది. ఆదిలక్ష్మమ్మను దాటింది, సుజనను దాటింది, తిన్నగా పోయి దొరస్వామి ముందు నిలబడింది. యాలక్కాయ. యాలక్కాయ కింద, పైకి నున్నగా ఉండి లోపల టెంక చుట్టూ పులిసిన అదే వాసన.

"ఏం మరిదీ. నిన్న వియ్యంకులు వచ్చి పోయినారంటనే. బాగనే సేసినావా మర్యాదలు?"

"ఏంది వదినా, ఇప్పుడా మాట?"

"ఇప్పుడే. నోరు తెరువు."

ఆదిలక్ష్మమ్మ బుగ్గన పెట్టుకున్న వేలు అట్లనే ఉండిపోయింది. దొరస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు, మునిరత్నం ఒకప్పుడు వేసినట్టే.

"నేను తాగినానా లేదా అనేది కాదీడ! వాడట్ల వణకతా ఉంటే, పురుగులంటా ఉంటే, తాగకుండా ఎట్లొస్తాది?"

ముక్కుకు తెలిసింది అంతవరకే. తాగి పడినవాణ్ణి ఆమె వేయిసార్లు చూసింది. తాగక ఇట్లా అయినవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో మూసేసిన తలుపు ఒకటి గుర్తొచ్చింది.

"సుజనా! సంద్రకాంతమ్మను పిలచకరా. బిన్నా పో. నేను కాళ్ళు పట్టుకొంటానని సెప్పు."

సుజన చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆమె మలుపు తిరగ్గానే హరినాథ్ బండి వచ్చింది. ఇద్దరు మనుషులు దిగారు. ఒకడి భుజాన తాడు. ఈ ఇద్దరికీ అదే షెడ్డు వాసన. నాగరత్నమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"తప్పుకో అవ్వా. ఎన్ని ఇండ్లు సూసినాం. తల్లులందరూ ఇట్లే అంటారు."

"మాటిచ్చినావు వదినా, సామి ముందర!"

"తప్పితే అన్నాను. వాడు తప్పలేదు. తప్పినోడు కావాల్నంటే ఇదో, ఇస్త్రీ సొక్కాయేసుకొని నిలబడుండాడు, ఎత్తకపోండి!"

తాడున్నవాడు ఆమె భుజం పక్కకు నెట్టబోయాడు. అప్పుడే లోపల దబ్బుమని చప్పుడైంది. మునిప్రసాద్ పక్కకు ఒరిగిపోయి, ఒళ్ళంతా బిగదీసుకొని కొట్టుకుంటున్నాడు. నోట్లోంచి నురగ. ఆదిలక్ష్మమ్మ "తాళంచెవులు! ఇనప తాళంచెవులు సేతిలో పెట్టండి!" అని అరిచింది. బండి మనుషులు ఇద్దరూ గుమ్మంలోంచి తొంగి చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఫిట్సొచ్చేటోన్ని మేం తీసకపోమయ్యా" అన్నాడు తాడున్నవాడు దొరస్వామితో. "పోయినసారి ఒకడు ఇట్లే దోవలోనే..." అని ఆపేశాడు.

బండి వెనక్కి తిరిగి, వచ్చిన దానికంటే వేగంగా పోయింది. దాని వెనకే దొరస్వామి మోటారుసైకిలు కూడా పోయింది.

చంద్రకాంతమ్మ రొప్పుతూ వచ్చింది. తలుపు మూసిన మాట ఎత్తలేదు, ఆ పుణ్యాత్మురాలు. వాణ్ణి పక్కకు తిప్పించింది, తల కింద చీర మడత పెట్టింది, తాళంచెవులు విసిరేయించింది, 108కి ఫోను చేసింది.

"ఎన్నాళ్ళైంది మానేసి?"

"సోమవారం నుంచి."

"ఒకేసారా? ఆసుపత్రికి సూపించకుండానా?" చంద్రకాంతమ్మ తల పట్టుకుంది. "అక్కా, తాగేదానికన్నా ఇట్ల మానేదే ప్రాణం తీస్తాది ఒక్కోసారి."

చిత్తూరు ఆసుపత్రిలో సూది వేసి, సీసా ఎక్కించి, అక్కడి నుంచి తిరుపతికి పంపారు. పెద్దాసుపత్రిలో వెనక వైపు వార్డు. ఫినాయిలు వాసన, మాత్రల వాసన, పక్క మంచం అతను తింటున్న నారింజ వాసన. నాగరత్నమ్మ గుమ్మంలోనే ఆగి గట్టిగా ఒకసారి లోపలికి పీల్చింది. కిటికీలు తెరిచి ఉన్నాయి. మనుషులకు జుట్టుంది. ప్రతి మంచం పక్కన ఎవరో ఒకరు, భార్యో, తల్లో, తమ్ముడో కూర్చొని ఉన్నారు. తాడు ఎక్కడా కనపడలేదు. అప్పుడు లోపలికి అడుగుపెట్టింది.

డాక్టరు సంపత్కుమార్ చిన్నవయసు మనిషే, కానీ కూర్చోబెట్టి మాట్లాడాడు.

"ఏళ్ళ తరబడి రోజూ తాగే ఒళ్ళమ్మా. ఉన్నట్టుండి ఆపేస్తే మెదడు తట్టుకోలేదు. చెమట, వణుకు, లేనివి కనపడటం, ఫిట్స్. మందులిస్తూ, మేం చూస్తుండగా మానిపించాలి. ఇంకో పూట ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం."

"అయితే ప్రమాణం సేయించడం తప్పా సామీ?"

"ప్రమాణం తప్పు కాదమ్మా. ప్రమాణం చేయించి ఇంటికి కాకుండా ఇక్కడికి తీసుకొచ్చుంటే సరిపోయేది."

ఆ మాట ఆమె మీద దెబ్బలాగా పడింది. కాణిపాకం నుంచి తిరుపతి ఎంత దూరం? బస్సెక్కితే రెండు గంటలు. ఆ చీటీ రాసిస్తానన్న మనిషిని తనే కదా వాకిట్లోంచి పంపేసింది. వీధి వింటుందని. మరిది వచ్చి పరువు అన్నాడు, తను విన్నది. అన్నేళ్ళుగా కొడుకును చూసి పడిన రోత ఆ పూట దారి మార్చుకొని తన మీదికే వచ్చింది. ఎంత కడుక్కున్నా పోయే రకం కాదది.

నాలుగో రోజుకు మునిప్రసాద్‌కు తెలివి కుదురుగా వచ్చింది. మంచం పక్కన తల్లిని చూసి, గొంతు పెగల్చుకొని అడిగాడు.

"అమ్మా, బండొచ్చిందా?"

"వచ్చింది. పోయింది."

"నన్ను పంపీలేదా?"

"గమ్మున పండుకో" అంది. కొంగు చేతిలోనే ఉంది, కానీ ముక్కుకు పోలేదు. కళ్ళకు పోయింది.

శనివారం శనివారం ఇంటివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడుతుంది అక్కడ వేదశ్రీ అనే అమ్మాయి. తాగేవాడికే కాదు, వాడితో ఉండేవాళ్ళకు కూడా వైద్యం కావాలంటుంది. సుజన ఆ గుంపులో నోరు తెరిచి, పన్నెండేళ్ళలో మొదటిసారి, తను ఎన్ని గుడ్డలు ఉతికిందో, ఎన్నిసార్లు పుట్టింటికి పోదామని సంచీ సర్దిందో చెప్పింది. నాగరత్నమ్మ పక్కనే కూర్చొని తల వంచుకొని విన్నది. కోడలు పడిన రోతను ఎప్పుడూ లెక్కలోకే తీసుకోలేదు తను.

ఇంటికి పోయే ముందు వేదశ్రీ చెప్పిన మాట మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

"అవ్వా, ఆయన పని నుంచి వచ్చినప్పుడల్లా గుమ్మంలో వాసన చూడకండి. పోలీసుల్లాగా ఉంటుంది. మళ్ళీ తాగినా దాచకుండా మీతో చెప్పి, ఇక్కడికి రాగలగాలి. దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటే రాడు."

"మా తల్లీ, ఈ ముక్కు వల్లనే గదా వాడు బతికింది?"

"అవును. ఆ రోజు నమ్మడానికి వాడారు. ఇంక పట్టుకోవడానికి వాడొద్దు."

"మూసుకొనేదానికి దీనికేమన్నా తలుపుండాదా?" అంది నాగరత్నమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మునిప్రసాద్ మాత్రలు మింగుతున్నాడు. పదిహేను రోజులకోసారి తిరుపతి పోయి వస్తున్నాడు. దసరా లోపల ఒకసారి తప్పాడు. తప్పిన మరుసటి పొద్దున తనే చెప్పాడు, సుజనతో కలిసి బస్సెక్కి పోయాడు. ఆ పొద్దున నాగరత్నమ్మ నూతి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. రోత పూర్తిగా పోయిందంటే అబద్ధం. దొరస్వామి కూతురి పెళ్ళికి పిలుపొచ్చింది. సుజన పోయి అక్షింతలు వేసి వచ్చింది. నాగరత్నమ్మ పోలేదు. యాలకుల వాసన తగిలితే ఇప్పటికీ ఆమెకు ఆ షెడ్డు గుర్తొస్తుంది. కార్వేటినగరం అతనింటికి కబురు చెప్పలేదన్నది కూడా గుర్తొస్తుంది. చంద్రకాంతమ్మతో ఆ తోట జాడ చెప్పి, పై వాళ్ళకు రాయించింది. ఎవరైనా పోయి చూశారో లేదో ఇంకా తెలియదు.

కార్తీకంలో ఒక సాయంత్రం, మళ్ళీ తన మోటార్ల దుకాణం తెరిచిన మొదటి రోజు, మునిప్రసాద్ ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా ఆగాడు. తల్లి వైపు వంగి, మందు మింగే చిన్నపిల్లాడిలాగా నోరు తెరిచాడు.

"సూడమ్మా."

నాగరత్నమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ముఖం పక్కకు తిప్పుకుంది.

"పో, కాళ్ళు కడుక్కో. సంగటి సల్లారిపోతాది."

వాడు ఆమె పక్కగానే పోయాడు. ఆమె ఊపిరి బిగబట్టాలనే అనుకుంది. కుదరలేదు. ముప్పై ఒక్క సీజన్ల ముక్కు మరి, దాని పని అది చేసుకుపోయింది. రాగి తీగ, మోటార్లకు పూసే వార్నిషు, ఎండకు పట్టి ఆరిన చెమట.

ఎవరికీ చెప్పలేదు. ఇంకో చిక్కుడుకాయ తుంచి చేటలో వేసింది.